గిజిగాడి గూడు – డాక్టర్ సలీం అలీ

కోనసీమలో కాలువలకు కొదవ లేదు. కాలువ గట్ల మీద బాటలకూ కొదవ లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఏ గట్టు వెంట నడిచినా నీళ్లపై లకుముకిపిట్ట, తీగ మీద పాలపిట్ట, చేలల్లో కొంగలు కనిపిస్తాయి. వానలు పడితే తాటిమట్టలకు గిజిగాడి గూళ్లు వేలాడుతాయి. పాలపిట్టను మనం ఉర్దూలో నీల్‌కంఠ్ అంటాము, గోరింకను మైనా అంటాము, గిజిగాడిని బయా అంటాము. ఈ బయా గుట్టు విప్పిన మహనీయుని చరిత్ర మన పిల్లలకు చెప్పవలసియున్నది.

పక్షులను చూసి వ్రాసిపెట్టుట దొరలు నేర్పిన విద్య అని కొందరి అభిప్రాయం. అది పూర్తిగా నిజం కాదు. 1605 నుండి 1627 వరకు ఏలిన జహంగీర్ పాదుషా తన జ్ఞాపకాలలో లైలా, మజ్నూ అనే సారస కొంగల జంట గ్రుడ్లు పొదిగిన తీరు వ్రాసుకున్నాడు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. ఒకనాడు ఆ బాలుడు కొట్టిన పిచుక గొంతు మీద పసుపు మచ్చ కనబడింది. ఇదేమి పిట్ట అని అడిగితే, మేనమామ కసురుకోలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. ఒక ప్రశ్న ఒక జీవితాన్ని మలిచింది.

దారి సులువు కాలేదు. యూనివర్సిటీ డిగ్రీ లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం రాలేదు. జర్మనీలో చదివి 1930లో తిరిగివస్తే మ్యూజియంలోని కొలువూ పోయింది. అప్పుడు కిహీం అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ గిజిగాళ్లను నెలల తరబడి గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే కాపురం పెడుతుంది. అప్పుడు మగది గూడు పూర్తిచేసి, మరో ఆడపిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఉద్యోగం లేని కాలమే ఆయనకు పేరు తెచ్చింది!

పిమ్మట నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు. 1941లో భారతీయ పక్షులపై పుస్తకం వెలువరించారు. 1976లో పద్మవిభూషణ్ పొందారు. ఎనభై ఏళ్లకు పైగా కనబడని కలివికోడి 1986లో మన కడప జిల్లాలో, స్థానికుల సాయంతో, తిరిగి దొరకడం ఆయన జీవించియుండగానే జరిగింది. 1987 జూన్ 20న కన్నుమూశారు.

నేడు కోనసీమలో ఎన్నో వరిచేలు రొయ్యల చెరువులైనవి. గట్ల మీది తాళ్లు తరిగిపోతున్నవి. గిజిగాడికి కావలసినది వరి ఆకు, తాటి ఆకు, నాలుగు గింజలు. అవి పోతే గూడు బొమ్మలోనే మిగులుతుంది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి. మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి పనికిరానివాడనకండి. ఆదివారం ఒక నోటుబుక్కు ఇచ్చి గట్టు మీదికి పంపండి. చూసిన పిట్ట పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయమనండి. వాడు ఇదేమిటని అడిగితే విసుక్కోకండి. తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్లండి. అమీరుద్దీన్ గారు చేసిందీ అంతే కదా!