కొరంగి: మునిగిన రేవు, మిగిలిన పేరు

ఓడరేవుల చరిత్ర అంటే దొరల పేర్లు, కంపెనీల పేర్లే చెప్తారు. ఈ భాగంలో కూలోళ్ల మీద పడ్డ ఒక పేరు గురించి మాట్లాడుకుందాం.

కాకినాడ దగ్గరి కొరంగి ఒకప్పుడు పేరున్న రేవు. అక్కడ టేకుతో ఓడలు కట్టేవారు, పాడైనవి బాగుచేసేవారు. 1789లో, మళ్లీ 1839 నవంబరులో ఉప్పెన ముంచింది. గోదావరి మేట వేసింది. వ్యాపారం కాకినాడకు పోయింది.

పేరు మాత్రం పోలేదు. ఏ ఊరి నుంచి పోయినా సరే, బర్మాలో, మారిషస్‌లో తెలుగు కూలీలను 'కొరంగీలు' అన్నారు. వాళ్లలో మాల మాదిగలు ఎందరో. ఊళ్లో వెట్టి తప్పించుకుందామని సముద్రం దాటితే అక్కడా బరువులు మోసే పనే. 1930 మేలో రంగూన్ రేవులో కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను దింపారు, సమ్మె ముగియగానే వాళ్లను పొమ్మన్నారు. పేదల మీద పేదలు పడ్డారు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనోళ్లే.

దామరచర్లలో ఈ ముచ్చట ఎందుకంటరా? మన వీర్లపాలెం థర్మల్ ప్లాంటు కట్టడానికి దూర రాష్ట్రాల కూలీలు వచ్చారు. ఏ ఊరోళ్లయినా అందరినీ 'బీహారోళ్లు' అనేస్తున్నం. ముందు వాళ్ల పేరు అడుగుదాం. కూలి గిట్టుతుందా అని అడుగుదాం.

మిగతాది వచ్చే భాగంలో.