చర్ఖా దారం నుంచి ఫ్యాన్ బెల్టు దాకా

కృత్తివెన్నులో నా దోస్తుకి పాత అంబాసిడర్ ఒకటి ఉంది. అసలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను వేయించాడు. తర్వాత ఏసీ కూడా బిగించాడు. అప్పట్నుంచి గాడీకి ఒకటే బీమారీ, ఫ్యాన్ బెల్టులు తినేస్తోంది. రెండు నెలల్లో మూడు మార్చాడు. మూడోది 216 హైవే మీద, ఇషా వేళ దాటాక తెగింది. వాటర్ పంపును తిప్పేదీ, ఛార్జింగ్ ఇచ్చేదీ ఆ బెల్టే. ఇంజను సెగలు కక్కింది, లైట్లు మసకబారాయి. వెనక సీట్లో వాళ్ల అమ్మీజాన్ ఉన్నారు.

"మార్కెట్లో అన్నీ నఖిలీ బెల్టులే భాయ్" అన్నాడు నాతో.

"ఖసూర్ బెల్టుది కాదేమో" అన్నాను. అలా ఎందుకన్నానో చెప్పాలంటే కొంచెం తారీఖ్ తిరగేయాలి.

మన ముల్కులో చర్ఖా ప్రస్తావన దొరికే పాత కితాబుల్లో ఇసామీ రాసిన 'ఫుతూహుస్సలాతీన్' ఒకటి. 1350లో, దక్కన్‌లో, మొదటి బహమనీ సుల్తాన్ నీడలో, ఫార్సీలో పూర్తయింది. రజియా సుల్తానా తఖ్తు ఎక్కడం ఇసామీకి నచ్చలేదు. ఔరత్ చర్ఖా దగ్గర కూర్చోవడమే మేలని ఎత్తిపొడిచాడు. ఆ ఎత్తిపొడుపే చర్ఖాకి సబూత్ అయిందని మువర్రిఖ్ ఇర్ఫాన్ హబీబ్ చూపించారు.

చర్ఖాలో ఉన్నదేమిటి? ఒక పెద్ద చక్రం, ఒక సన్న కదురు, రెంటినీ చుట్టిన దారం. చక్రం ఒక్కసారి తిరిగితే కదురు ఎన్నోసార్లు తిరుగుతుంది. ఆ దారమే బెల్టు. చక్రమూ కదురూ ఒకే సీధ్‌లో లేకపోతే దారం జారిపోతుంది. జారినప్పుడల్లా కొత్త దారం వేస్తూ కూర్చుంటే నూలు రాదు, ముందు కదురు సరిచేయాలి. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని దేశమంతా 20 లక్షల చర్ఖాలు తిప్పించాలని తీర్మానించింది. ఆ లెక్కన 20 లక్షల బెల్టులు!

మన డెల్టాలో బెల్టు పెద్దదయింది రైసు మిల్లుల్లో. 1855కల్లా కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, వరి పెరిగింది. తర్వాత ఆయిల్ ఇంజన్లతో మిల్లులు వచ్చాయి. ఇంజను ఒక మూల, మర ఇంకో మూల, మధ్యలో బారెడు పొడుగు పట్టీ బెల్టు. ఆ పుల్లీల నడిమి భాగం కాస్త ఉబ్బుగా ఉంటుంది. తిరిగే పట్టీ ఎత్తు వైపుకే ఎక్కుతుంది కాబట్టి, మధ్యలో ఉబ్బు ఉంటే బెల్టు మధ్యలోనే నిలుస్తుంది.

1917లో అమెరికాలో జాన్ గేట్స్ రబ్బరు 'వి' బెల్టు తెచ్చాడు. అంబాసిడర్‌లో ఉండేది ఆ జాతిదే. అది గాడి అడుగున కాదు, రెండు పక్కల గోడల మీద పట్టు బిగించి నడుస్తుంది. అందుకే తెగిన బెల్టు కూడా గవాహీ ఇస్తుంది. రెండు పక్కలూ నున్నగా మెరిసి, కాలిన వాసన వస్తే వదులై జారిందని అర్థం. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టో పుల్లీయో అరిగి కిందికి దిగింది. ఒకే పక్క అరిగి, చుట్టూ నల్లపొడి రాలితే పుల్లీల సీధ్ తప్పింది.

చప్పుడూ పహచాన్ ఇస్తుంది. దూరంగా నిలబడి, దుపట్టా, వదులు చేతులు దగ్గరికి పోకుండా, నడుస్తున్న బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించాలి. కీచు పెరిగితే బిగువు చాలలేదు. కిచకిచ కాసేపు ఆగి మళ్లీ మొదలైతే సీధ్ అనుమానించాలి.

ఇవన్నీ ఫోన్లో చెప్పాను. మా దోస్తు ఉరఫ్ పెద్దమనిషి "చూద్దాంలే" అన్నాడు. చూసింది అతని బేటీ, మొన్ననే పది పాసైన పిల్ల. దాచిన మూడు బెల్టులూ తీసి చూస్తే మూడూ ఒకే పక్క అరిగి ఉన్నాయి. ఇంజను ఆపి, చల్లారాక, పుల్లీలను చేత్తో ఊపి చూసింది. బేరింగుల్లో ఆట లేదు. తర్వాత దాదీ కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చి, కింది పుల్లీ ముఖానికి ఆనించి ఆల్టర్నేటర్ దాకా లాగి పట్టింది. అంచుల మందం ఒకటి కాకపోవచ్చని గాడి మధ్య నుంచి కూడా కొలిచింది. ఒక వాషరు మందం తేడా! జానెడున్నర దూరానికి మిల్లీమీటరున్నర తప్పితేనే బెల్టుకు చేటు. ఏసీకి జాగా చేయడానికి ఆల్టర్నేటర్ బ్రాకెట్ జరిపినప్పుడు ఎవరూ దారం పట్టి చూడలేదు.

వెనకాల ఒక వాషరు పెట్టి బిగించారు, కొత్త బెల్టు వేశారు. కిచకిచ పోయింది. అమ్మీజాన్ మళ్లీ కారెక్కారు.

ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటోంది. "లడ్కీలకి గ్యారేజీ పనేమిటి" అని వాళ్ల అబ్బా ఫారం మీద దస్తఖత్ పెట్టలేదు. ఇసామీ మాటకి ఏడొందల ఏళ్లు కావస్తున్నాయి. దారం పట్టుకుని కూర్చోమంటే ఆ పిల్ల పట్టుకునే కూర్చుంది, దానితోనే గాడీ మర్జ్ కనిపెట్టింది. భాయ్‌జాన్, ఆఖరి తేదీ దాటకముందే ఆ దస్తఖత్ పెట్టు. నువ్వు ఇది చదువుతావని తెలిసే ఇక్కడ రాస్తున్నా.