ఇంటికి తగిన గుఱ్ఱము

చక్రములపై ఇల్లు కట్టించుకొనవలెనని ముచ్చటపడువారు మంచ మెచ్చట, పొయ్యి యెచ్చట, పుస్తకముల బీరువా యెచ్చట అని మొదట యోచింతురే గాని, ఆ యింటిని లాగవలసిన ప్రాణికి గాని యంత్రమునకు గాని ఎంత సత్తువ కలదో కడపట తలపోయుదురు. ఇంగ్లండులో విహారార్థము నిర్మితమైన కారవాన్లలో ఆద్యమని ప్రసిద్ధి కెక్కిన ‘వాండరర్’ చరిత్రయు ఈ క్రమముననే ఆరంభమైనది.

పూర్వము బ్రిటిషు నౌకాదళమున వైద్యుడుగా నుండి, పిమ్మట బాలురకు సాహసగాథలు వ్రాయుచు ట్వైఫర్డు గ్రామమున స్థిరపడిన డాక్టరు విలియం గోర్డన్ స్టేబుల్స్, రోమానీ జనుల బండ్లపై మనసుపడి, 1885 నాటికి బ్రిస్టల్ వాగన్ వర్క్స్ వారిచే తన యభిరుచి మేరకు ఒక శకటమును చేయించుకొనెను. రోమానీల భాష మన యుత్తరదేశ భాషలకు దాయాది గనుక, ఈ విలాసమునకు దూరపు భారతీయ బంధుత్వ మొకటి కలదనవచ్చును. అయితే బ్రతుకుతెరువుకై తిరుగు రోమానీ సంసారి తన గుఱ్ఱమునకు తగినంత బండినే కట్టుకొనగా, డాక్టరుగారు మహాగని చెక్కతో గోడలు, మేపుల్ చెక్కతో లోపలి తొడుగు, సకల సంభారములు కూర్చి, సుమారు రెండు టన్నుల సౌధమును సిద్ధపరచి, అటుపిమ్మట కార్న్‌ఫ్లవర్, పీబ్లాసమ్ అను రెండు గుఱ్ఱములను పూన్చి, స్కాట్లండులోని ఇన్వర్నెస్సు వఱకు సాగిపోయెను.

సమతలమున రెండు గుఱ్ఱములకు అది అసాధ్యమైన భారము కాదు. చిక్కంతయు ఎగువదారిలో నున్నది. పది గజముల కొక గజము లేచు వాలుపై రెండు టన్నుల బండి తన బరువున పదియవ వంతుతో, అనగా సుమారు 200 కిలోల బలముతో, వెనుకకు ఈడ్చును. చక్రముల రాపిడి దానికి అదనము. పనిగుఱ్ఱము దినమంతయు ఓపికగా లాగగల బలము తన బరువున సుమారు పదియవ వంతని పెద్దల లెక్క. 600 కిలోల గుఱ్ఱములు రెండు కలిసినను అది 120 కిలోలే. కొద్దిసేపు అంతకు ఎన్నోరెట్లు లాగగలవు గనుకనే, కొంత యెక్కుట, చక్రము వెనుక అడ్డువేసి ఊపిరి పీల్చుకొననిచ్చుట, మరల యెక్కుట అను పద్ధతి యేర్పడినది. మన ఘాటుదారులలో బండివాండ్రు కాడి యెడ్లకు ముందు మఱియొక జతను కట్టినట్లే, ఆ దేశమునను కొండదారులయొద్ద అదనపు గుఱ్ఱమును కిరాయికి కట్టుకొను వాడుక యుండెను.

1907లో కారవాన్ క్లబ్బు పుట్టినది. గుఱ్ఱముల కాలమే ఇంకను సాగుచుండెను. 1919లో బర్మింగ్‌హాములోని ఎక్లెస్ సంస్థ మోటారుకారుతో లాగు కారవాన్లను అమ్మకమునకు చేయ నారంభించుటతో క్రమము తలక్రిందులైనది. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ వంటి చిన్నకార్లు గలవారు ఆ కారు లాగగలిగినంత ఇంటినే వెదుకుకొనవలసి వచ్చెను. డాక్టరుగారి దర్జాకన్న నాకు ఈ వినయమే మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది.

అమెరికాలో వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ, తన అల్యూమినియము బండి తేలికదనమును లోకమునకు చాటుటకై 1947లో ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ అను ఫ్రెంచి సైకిలు పందెగాని చేత దానిని సైకిలుతో లాగించి ఛాయాచిత్రము తీయించెను. చిత్రము నిజమే, అయినను, చదునైన దారిలో కదలించుట వేఱు, దిగువదారిలో నిలుపుట వేఱు.

కారునకు మించిన కారవాను ప్రక్కగాలికో లారీ గాలివిసురుకో అటునిటు ఊగ నారంభించెనా, ముందున్న వాహనమే దాని వశమగును. అందుచేతనే, నిండుగా సామాను సర్దిన కారవాను బరువు కారు ఖాళీ బరువున నూటికి 85 వంతులు మించరాదనియు, ఆ కారవాను బరువున నూటికి 5 నుండి 7 వంతులు కొక్కెముపై పడవలెననియు బ్రిటనులో క్రొత్తవారికి హితవు చెప్పుదురు. సొంతముగా చేయించుకొన్నవారు వడ్రంగి యంచనాను నమ్మక, నీళ్లతొట్టి నింపి కాటా వేయించవలెను. నూరు లీటర్ల నీరు నూరు కిలోలు గదా! ఇప్పటి విద్యుత్ కార్లు బ్యాటరీల మూలమున స్వయముగా మిక్కిలి బరువైనవగుటచే 85 వంతుల లెక్కలో సులభముగ నెగ్గును. కాని వానిలో కొన్నింటికి తయారీదారు లాగుటకే అనుమతి నీయడు.