కార్ఖానా నుంచి కౌంటర్ దాకా: సనత్‌నగర్, అమీర్‌పేట యజమానుల చట్టబాధ్యతల చరిత్ర

యజమానికీ పనివారికీ మధ్య ఉండే చట్టసంబంధం హైదరాబాద్‌లో ఎనభై ఏళ్లలో ఎన్ని మలుపులు తిరిగిందో పరిశీలించడానికి సనత్‌నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలను కలిపి చూడడం అనువైన మార్గం. నిజాం కాలపు లోహ కర్మాగారం, స్వాతంత్ర్యానంతరం వచ్చిన ఈఎస్‌ఐ ఆసుపత్రి, 1990ల నాటి సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, ఇటీవలి షోరూములు, క్లినిక్‌లు అన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే వెలిశాయి. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చి, అంతకుముందున్న 29 చట్టాలను వాటిలో విలీనం చేసినప్పుడు, ఇది ఢిల్లీలో పుట్టి రాష్ట్రాలకు దిగివచ్చిన మార్పుగానే ఎక్కువమందికి తోచింది. అయితే ఆ కోడ్‌లలోని కొన్ని కీలకమైన ఏర్పాట్లు అంతకు చాలా ముందే హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్నాయి. అంతేకాక ఈ ప్రాంతపు యజమానులలో అత్యధికులను నిత్యం తాకే చట్టం ఆ 29లో లేనే లేదు.

నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని నెలకొల్పి, ప్రైవేటు వ్యాపారులతో కలిసి కర్మాగారాలలో వాటాలు తీసుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ నిధి, అలాదీన్ కంపెనీ కలిసి 1942లో ప్రారంభించిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్ పారిశ్రామిక చరిత్రకు తొలి అధ్యాయం. ఉక్కు సామగ్రి, బస్సుల బాడీలు, తరవాతి కాలంలో రిఫ్రిజిరేటర్లు తయారుచేసిన ఈ సంస్థలో ప్రభుత్వం ఒకేసారి వాటాదారుగా, చట్టకర్తగా ఉండడం వల్ల కార్మికుల కోరికలు పాలకుల దృష్టిలో తేలికగా రాజకీయ ధిక్కారంగా మారేవి. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు కవి మఖ్దూం మొహియుద్దీన్ నాయకత్వం వహించారు. ఆల్విన్‌లో రోజుకు ఆరణాల కూలిగా పనికి కుదిరి, అక్కడి యూనియన్ నాయకుడిగా ఎదిగిన టి. అంజయ్య 1980లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, ఆ తరవాత కేంద్రంలో కార్మిక శాఖను నిర్వహించారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని కార్మిక శాఖ కార్యాలయ భవనానికి ఆయన పేరే ఉంది కాబట్టి, నగరంలో రిజిస్ట్రేషన్ కోసమో వివాదం కోసమో అక్కడి మెట్లెక్కే ప్రతి యజమానీ ఒక పూర్వ ఆల్విన్ కార్మికుడి పేరు కిందుగానే లోపలికి వెళ్తాడు.

హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరవాత, 1951 నాటి ‘బి’ తరగతి రాష్ట్రాల చట్టం ద్వారా అనేక కేంద్ర చట్టాలు ఇక్కడికి విస్తరించాయి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కనీస వేతనాల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం, 1952 నాటి భవిష్య నిధి చట్టం కలిసి యజమాని బాధ్యతలకు కొత్త చట్రాన్ని ఏర్పరచాయి. వీటిలో సనత్‌నగర్ ముఖచిత్రాన్నే మార్చినది బీమా చట్టం. యజమాని, ఉద్యోగి ఇద్దరూ వేతనంలో నిర్ణీత భాగాన్ని జమచేస్తే, అనారోగ్యం, ప్రసూతి, పనిలో గాయం వంటి సందర్భాలలో వైద్యమూ నగదు సాయమూ అందించడం ఈ పథకం పద్ధతి. 1952లో కాన్పూర్, ఢిల్లీలలో మొదలైన ఈ పథకం కింద సనత్‌నగర్‌లో వెలసిన ఆసుపత్రి నేడు వైద్య కళాశాలను కూడా కలుపుకొని, మెట్రో స్టేషన్‌కు తన పేరునే ఇచ్చింది. 2017 జనవరి నుంచి ఈ పథకపు వేతన పరిమితి నెలకు రూ. 21,000, 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. అంతకుముందు రెండూ కలిసి 6.5 శాతంగా ఉండేవి కనుక, గత పదేళ్లలో యజమానుల ఖర్చును స్పష్టంగా తగ్గించిన మార్పులలో ఇదొకటి.

కర్మాగారాల కాలంలో అత్యంత వివాదాస్పదమైన అంశం మూసివేత. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1976లో చేర్చిన ఐదు-బి అధ్యాయం ప్రకారం, 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థ లే-ఆఫ్‌కు, అంటే తాత్కాలికంగా పని నిలిపివేయడానికైనా, ఉద్యోగాల తొలగింపుకైనా, మూసివేతకైనా ప్రభుత్వ అనుమతి ముందుగా పొందవలసి ఉండేది. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు దించగా, ఆ మార్పు 1984లో అమల్లోకి వచ్చింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మళ్ళీ 300కు చేర్చింది. కాబట్టి కొందరు విప్లవాత్మకమని కొనియాడుతున్న, మరికొందరు అపూర్వమైన దాడి అని ఖండిస్తున్న ఈ మార్పు నిజానికి 1976 నాటి గీతకు తిరిగి వెళ్ళడం మాత్రమే. ఈ అధ్యాయం ఎంత కఠినంగా ఉన్నా, ఆల్విన్ విచ్ఛిన్నం కాకుండా అది అడ్డుపడలేదు: వాహన విభాగం మహీంద్రా చేతికి పోయింది, 1990ల మధ్యలో రిఫ్రిజిరేటర్ విభాగం వోల్టాస్‌లో కలిసింది. అనుమతి లేనిదే మూయరాదన్న నియమం మూసివేతను వాయిదా వేయగలదు గాని, అమ్ముడుపోని సరుకును అమ్మించలేదు.

కర్మాగారం వెనక్కి తగ్గుతున్న కాలంలోనే అమీర్‌పేట ముందుకొచ్చింది. 1990ల చివరినాటికి మైత్రీవనం చుట్టుపక్కల భవనాల అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థలతో నిండిపోగా, పంజాగుట్ట నుంచి ఎస్సార్ నగర్ దాకా బట్టల దుకాణాలు, నగల షోరూములు, ఆసుపత్రులు వరుసకట్టాయి. ఇవేవీ ఫ్యాక్టరీల చట్టం కిందికి వచ్చేవి కావు. వీటిని నియంత్రించేది దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం. ఆంధ్ర ప్రాంతంలో 1947 నాటి మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1951 నాటి హైదరాబాద్ చట్టం వేరువేరుగా నడుస్తుండగా, వాటి స్థానంలో 1966లో ఒక ఉమ్మడి చట్టం వచ్చింది. దాన్ని తొలగించి వచ్చిన 1988 చట్టమే రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ చట్టంగా అన్వయమై నేటికీ అమల్లో ఉంది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు పని, వారంలో ఒక సెలవు, రాత్రి ఎనిమిదిన్నర తరవాత స్త్రీలకు పని నిషేధం దాని ముఖ్య నిబంధనలు. దాని 47వ సెక్షన్ మరింత గమనించదగ్గది: ఆరు నెలల సర్వీసు దాటిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసో అందుకు బదులు జీతమో ఇవ్వకుండా తొలగించడానికి వీలులేదు, ఏడాదికి మించి పనిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున సర్వీసు పరిహారం కూడా ఇవ్వాలి. నలుగురు సేల్స్‌మెన్ ఉన్న బట్టల కొట్టుకు సైతం ఇది వర్తిస్తుంది.

అయితే ఈ చట్టం అసలు చరిత్ర దాని సెక్షన్లలో కన్నా, వాటికి ఇచ్చిన మినహాయింపులలో ఎక్కువగా కనిపిస్తుంది. ఏ సంస్థనైనా, ఏ తరగతి సంస్థలనైనా కొన్ని నిబంధనల నుంచి మినహాయించే అధికారాన్ని 73వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఐటీ సంస్థలకు పనిగంటలు, స్త్రీల రాత్రి పని వంటి నిబంధనల నుంచి గడువు పెట్టి ఇచ్చిన సడలింపులు, గడువు తీరినప్పుడల్లా పొడిగింపులు పొందుతూ వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో వెలువడిన జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, ఏడాదికి రూ. 10,000 రుసుముతో దుకాణాలను ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచుకోవడానికి వీలు కల్పించింది. 2025 జూలైలో మరో జీవో, దుకాణాలు కాని వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటల పనిని అనుమతిస్తూ, వారానికి 48 గంటల పరిమితిని యథాతథంగా ఉంచింది. ఆరు గంటలకు మించిన పనిలో అరగంట విరామం ఉండాలనీ, విరామంతో సహా రోజు మొత్తం పన్నెండు గంటలు దాటరాదనీ, ఓవర్‌టైం మూడు నెలల్లో 144 గంటలకు లోబడాలనీ షరతులు పెట్టింది. శాసనసభలో చర్చ లేకుండానే ఒక చట్టపు నడుమను ఇలా ఉత్తర్వుల ద్వారా కదిలించడం పరిపాలనకు సులువు కావచ్చు గాని, చట్టం పుస్తకం కొని చదువుకున్న చిన్న యజమానికి అది చీకటిలో నడకే. పుస్తకంలో ఉన్న సెక్షన్ తనకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలంటే అతడు జీవోల దొంతర వెతకాలి.

చట్టసభ స్వయంగా దారి చూపిన సందర్భాలూ ఉన్నాయి. నిషేధించిన పనుల్లో ఉన్న కాంట్రాక్టు కార్మికులు తమంతట తామే యజమాని ఉద్యోగులు అయిపోరని స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 2001లో తీర్పు ఇచ్చిన తరవాత, ఏ పని కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు అన్న ప్రశ్న మరింత ముందుకొచ్చింది. కాంట్రాక్టు కార్మికులపై 1970లో వచ్చిన కేంద్ర చట్టం దీన్ని ప్రభుత్వ నోటిఫికేషన్లకు వదిలేయగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003 సవరణ ద్వారా ఒక కొలబద్దను చట్టంలోనే రాసింది: సంస్థ ఏ పని కోసం ఏర్పడిందో అది దాని మూల కార్యకలాపం, అందులో సాధారణంగా కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు; పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, ఎత్తుదింపుడు, తోటపని, రవాణా వంటివి, సంస్థ వాటికోసమే ఏర్పడితే తప్ప, మూల కార్యకలాపం కావు. పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సెక్యూరిటీ గార్డులను ఏజెన్సీ ద్వారా పెట్టుకోవచ్చు గాని, రోగుల సేవనే పూర్తిగా కాంట్రాక్టుకు అప్పగించడం ఈ కొలబద్ద ప్రకారం చిక్కే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ నిర్వచనాన్ని, దాని మినహాయింపుల జాబితాతో సహా, దాదాపు యథాతథంగా స్వీకరించింది. అలాగే గ్రాట్యుటీ చెల్లింపుకు యజమాని తప్పనిసరిగా బీమా చేయించాలన్న నిబంధన కేంద్ర చట్టంలో 1987 నుంచి ఉన్నా, చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచిన కాలంలో ఆంధ్రప్రదేశ్ 2011లో అందుకు నియమాలు చేసింది. కార్మిక చట్టాల చరిత్రలు హైదరాబాద్‌కు ఈ ఘనతను అరుదుగా ఇస్తాయి.

ఇక కోడ్‌ల విషయానికి వస్తే, ఇన్ని చట్టాలను కుదించాలన్న సిఫారసు 2002లో నివేదిక ఇచ్చిన రెండవ జాతీయ కార్మిక కమిషన్‌ది. వేతనాల కోడ్ 2019లో, మిగిలిన మూడు 2020లో ఆమోదం పొందినా, అమలుకు ఐదేళ్లు పట్టింది. యజమాని లెక్కల పుస్తకాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది వేతనం కొత్త నిర్వచనం: ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం వంటి మినహాయింపులు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించిన భాగం తిరిగి వేతనంలో కలుస్తుంది. నెలకు రూ. 30,000 తీసుకునే ఉద్యోగికి రూ. 9,000 మాత్రమే బేసిక్‌గా చూపి, మిగిలినదంతా భత్యాలుగా రాసిన సంస్థను ఉదాహరణగా తీసుకుంటే, కొత్త లెక్కలో వేతనం రూ. 15,000 అవుతుంది. గ్రాట్యుటీని ఏడాదికి పదిహేను రోజుల వేతనంగా, నెలను 26 రోజులుగా భాగించి లెక్కకట్టే పద్ధతిలో, ఏడాదికి రూ. 5,192 ఉన్న భారం రూ. 8,654కు పెరుగుతుంది. నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసేవారికి ఐదేళ్లకు బదులు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు రావడం, ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాలలో బకాయిలన్నీ చెల్లించవలసి రావడం, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం తప్పనిసరి కావడం చిన్న సంస్థలకు ఇంకా దగ్గరి మార్పులు.

మరోవైపు కొన్ని పరిమితులు యజమానికి అనుకూలంగా జరిగాయి. విద్యుత్తు వాడే చోట పదిమందితో మొదలయ్యే ఫ్యాక్టరీ నిర్వచనం ఇరవైకి, విద్యుత్తు లేని చోట ఇరవై నుంచి నలభైకి, కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇరవై నుంచి యాభైకి పెరిగాయి. తనిఖీ అధికారికి సలహా ఇచ్చే సహాయకుడి పాత్ర కూడా అప్పగించారు. తెలంగాణ 2014లోనే టీఎస్-ఐపాస్ చట్టం ద్వారా స్వీయ ధ్రువీకరణను, పెద్ద పరిశ్రమలకు పదిహేను రోజుల్లో అనుమతులను తెచ్చింది కాబట్టి ఈ ధోరణి ఇక్కడ కొత్తది కాదు. అనుమతి వేగం మంచిదే. కాని 2025 జూన్ 30న నగర శివార్లలోని పాశమైలారం ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు యాభైమందికి పైగా ప్రాణాలు తీసిన రాష్ట్రంలో, తనిఖీని తగ్గించడమే సంస్కరణ అన్న వాదన బలహీనంగానే వినిపిస్తుంది.

కోడ్‌లు తాకని వర్గాలూ అమీర్‌పేటలోనే ఉన్నాయి. ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడు కాడని సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. కార్మికుడి నిర్వచనం కొత్త కోడ్‌లోనూ దాదాపు అదే అచ్చులో ఉన్నందున, శిక్షణ కేంద్రాల్లో బ్యాచ్‌కు ఇంత అని తీసుకునే ఫ్యాకల్టీకి ఆ తీర్పు నీడ తొలగలేదు. ఇక దుకాణాల చట్టం రాష్ట్రానిది. కోడ్‌లు రద్దు చేసిన జాబితాలో లేదు. అందుచేత పదిమంది కన్నా తక్కువమంది ఉన్న కొట్టుకు వృత్తి భద్రతా కోడ్ సాధారణంగా వర్తించకపోయినా, వేతనాల కోడ్, 1988 చట్టం రెండూ వర్తిస్తాయి; పదిమంది దాటిన సంస్థ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. కోడ్‌లు అమల్లోకి వచ్చిన రోజునాటికి నియమావళులు పూర్తిగా సిద్ధం కాకపోవడంతో, పరివర్తన కాలంలో పాత నియమాలే కొనసాగుతాయని కేంద్రం ప్రకటించింది.

ఆర్డర్లు అందుకుంటూ అమీర్‌పేట కూడలిలో బైకుల మీద ఎదురుచూసే డెలివరీ కార్మికుల విషయంలో ఈ రెండంచెల చట్టం మరింత చిక్కుపడుతుంది. సామాజిక భద్రత కోడ్ వారిని తొలిసారి నిర్వచించి, యాప్ సంస్థలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో ఐదు శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి జమచేయాలంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయానికి పెట్టిన గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా మాత్రం ప్రతి లావాదేవీ నుంచి రాష్ట్ర సంక్షేమ నిధికి రుసుము వసూలు చేసే మార్గాన్ని ఎంచుకుంది. ఒకే డెలివరీపై కేంద్రానికి ఒక లెక్కన, రాష్ట్రానికి మరో లెక్కన జమకట్టాలా, లేక ఒకదానిలో కట్టినది మరొకదానిలో మినహాయించుకోవచ్చా అన్న ప్రశ్నకు ఆ కోడ్ పాఠం నేరుగా జవాబివ్వదు.