ముసలమ్మల మెమరీ

మొన్న మా అబ్బాయి కంప్యూటరుకి మెమరీ కొంటానంటే నేనూ తోడు వెళ్ళాను. డీడీఆర్ 4 బోర్డుకి డీడీఆర్ 5 ముక్క పట్టదుట, గాడి చోటు వేరుట. ఎనిమిదా పదహారా అన్నాడు షాపతను, జాకెట్టు గుడ్డ కొలిచి ఇచ్చేవాడిలా. పదహారు గిగాబైట్లు పుచ్చుకున్నాం. జానెడైనా లేదు!

వెనకటి రోజుల్లో ఈ మెమరీని ఎలా ఎంచుకునేవారా అని చదివితే, చివరికి అల్లికపని దగ్గర తేలాను. 1969 జూలైలో చంద్రుడిమీద దిగిన అపోలో 11 నౌక కంప్యూటరులో, రాసుకుని చెరుపుకోవడానికి ఉన్న చోటు సుమారు 4 కిలోబైట్లే. ప్రోగ్రాము దాచడానికి మాత్రం ఇంజనీర్లు 'తాడు మెమరీ'ని ఎంచుకున్నారు. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది, కరెంటు పోయినా మరిచిపోదు.

దాన్ని నిజంగానే చేత్తో అల్లారండీ! మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో, రేథియాన్ కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళు. చిన్న అయస్కాంతపు ఉంగరంలోంచి తీగ పోనిస్తే 1, పక్కనించి పోనిస్తే 0. ఏ ఉంగరమో యంత్రం చూపిస్తుంది, సూది దూర్చేది మాత్రం చెయ్యే. అల్లిక ముగిశాక ప్రోగ్రాములో తప్పు కనబడితే, రవిక కుట్టు విప్పినంత సులువు కాదు. అందుకే ప్రయాణానికి నెలల ముందే ప్రోగ్రాము ఖాయం చేసేవారు.

ఇంత పనితనానికి ఇంజనీర్లు పెట్టిన ముద్దుపేరు 'ముసలమ్మల మెమరీ'. ఆ ముద్దు నాకేం నచ్చలేదు సుమండీ. ప్రోగ్రాము పనికి సారథ్యం వహించిన మార్గరెట్ హామిల్టన్‌కి 2016లో అమెరికా అధ్యక్షుడి పతకం దక్కింది, సంతోషం. సూది పట్టినవాళ్ళ పేర్లు మాత్రం వెతుక్కోవాల్సిందే.

1970లో ఇంటెల్ 1103 అనే చిప్పు వచ్చింది, 1,024 బిట్లది. ఆ తరవాత మెల్లగా సూదికి పని తగ్గింది.