తెలుగు టైటాన్స్ సొంతగడ్డ ఏది?

మనం చెడుగుడు అన్నా, పక్కింటి తమిళులు సడుగుడు అన్నా ఆట ఒక్కటే, కబడ్డీ. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు పుట్టిన జట్టు తెలుగు టైటాన్స్.

ఈ జట్టు మొదటి ఏడు సొంతగడ్డ విశాఖపట్నం. 2015లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి మారింది. 2018లో మళ్ళీ విశాఖ, 2019లో మళ్ళీ హైదరాబాద్. కరోనా వల్ల 2021 డిసెంబరులో మొదలైన పోటీలన్నీ బెంగళూరులోని ఒక హోటల్లో, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. మన ధర్మపురికి అంత దగ్గరగా వచ్చినా టైటాన్స్‌ను మనం చూడలేకపోయాం. ఆ ఏడు ఆడిన 22 ఆటల్లో వాళ్ళు గెలిచింది ఒక్కటే.

ఆ జట్టుకు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి 2019లో తమిళ్ తలైవాస్‌లో చేరి, గచ్చిబౌలిలోనే పాత జట్టుకు ఎదురు నిలిచాడు. 2025 ఆగస్టు 29న విశాఖలో తొలి ఆట ఈ రెండు జట్లదే. తలైవాస్ 38-35తో గెలిచింది.

మరి మనం ఎవరి పక్షం? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనం ఇద్దరికీ చప్పట్లు కొట్టగలం. కాని గడ్డ మారినా పేరులో తెలుగును వదలని జట్టును చూస్తే, ఊరు విడిచి వచ్చినా ఇంటిభాష విడవని మన పెద్దలు గుర్తుకు రావడం లేదూ?