వల కన్నును బట్టే లెక్క: తీర జలాల్లో సూక్ష్మ ప్లాస్టిక్‌ను ఎలా కొలుస్తారు?

2025 మే 25న కేరళ తీరానికి ఆవల ఎంఎస్‌సీ ఎల్సా-3 నౌక మునిగిన తరువాత తిరువనంతపురం ప్రాంత తీరాలకు తెల్లని ప్లాస్టిక్ గుళికలు కొట్టుకువచ్చాయి. 2021లో కొలంబో సమీపంలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక దగ్ధమైనప్పుడు శ్రీలంక తీరంలోనూ ఇదే జరిగింది. ఆ గుళికలు కంటికి ఆనాయి కనుక ఏరగలిగారు. సముద్రజలాల్లో నిత్యం తేలియాడే సూక్ష్మ ప్లాస్టిక్‌లో అధికభాగం అలా కనిపించదు. దానిని లెక్కించాలంటే ముందు పట్టాలి. దేనితో పట్టారన్నదే లెక్కను చాలావరకు నిర్ణయిస్తుంది.

5 మిల్లీమీటర్లకు లోబడిన ప్లాస్టిక్ రేణువులను సూక్ష్మ ప్లాస్టిక్ అంటారు. ఇది గరిష్ఠ పరిమితి. కనిష్ఠ పరిమితిని ఆచరణలో వల కన్నే నిర్ణయిస్తోంది. ఉపరితల జలాల పరిశీలనకు ఎక్కువగా వాడే ‘మాంటా’ వలకు నీటిపై తేలేందుకు ఇరువైపులా రెక్కలుంటాయి. కన్ను సుమారు 0.33 మిల్లీమీటర్లు. పడవ రేపే అలల్లో చిక్కకుండా దీనిని పక్కగా, నెమ్మదిగా లాగుతారు. వల నోటి వద్ద అమర్చిన ప్రవాహ మాపకం ఎంత నీరు లోపలికి వెళ్లిందో చెబుతుంది.

ఉదాహరణకు 60 సెంటీమీటర్ల వెడల్పున్న వల నోరు 15 సెంటీమీటర్ల లోతు మునిగి, కిలోమీటరు దూరం సాగితే 90 ఘనపు మీటర్ల నీటిని వడగడుతుంది. అందులో 180 రేణువులు దొరికాయనుకుందాం. ఘనపు మీటరుకు 2 రేణువులని రాయవచ్చు. చదరపు కిలోమీటరుకు 3 లక్షలని కూడా రాయవచ్చు. రెండూ సరైనవే. పత్రికల శీర్షికలకు ఎక్కేది మాత్రం రెండోదే.

దుస్తుల నుంచి రాలే సన్నని పోగులు ఈ వల కన్నుల గుండా నిలువుగా జారిపోతాయి. అందుకే కొందరు పంపుతోనో పాత్రతోనో నీటిని తోడి, మరింత సన్నని వడపోత కాగితంపై వడగడతారు. అప్పుడు ఘనపు మీటరుకు వచ్చే సంఖ్య వల లెక్క కంటే అనేక రెట్లు పెరుగుతుంది. అయితే తోడిన నీరు కొద్ది లీటర్లే కావడంతో, ఒక్క రేణువు అటూ ఇటూ అయినా ఫలితం తారుమారవుతుంది.

ప్రయోగశాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నాచు, ప్లవకాల వంటి జీవపదార్థాన్ని తొలగిస్తారు. తరువాత చిక్కని ఉప్పు ద్రావణంలో పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి. దాని సాంద్రత సుమారు 1.2 మాత్రమే, పాలిస్టర్ సాంద్రత 1.38 వరకు ఉంటుంది కాబట్టి మునుగుతుంది. అంటే వలను తప్పించుకోని కొద్దిపాటి పాలిస్టర్ పోగులు కూడా ఇక్కడ లెక్క తప్పే ప్రమాదం ఉంది. జింక్ క్లోరైడ్ వంటి బరువైన ద్రావణాలు వాడితే అవీ తేలుతాయి.

సూక్ష్మదర్శినిలో ప్లాస్టిక్‌లా కనిపించినదల్లా ప్లాస్టిక్ కాదు. నూలు పోగు కావచ్చు, గవ్వ ముక్క కావచ్చు. పరారుణ వర్ణపట పరీక్ష 10-20 మైక్రాన్ల వరకు, రామన్ పరీక్ష సుమారు ఒక మైక్రాన్ వరకు పదార్థాన్ని గుర్తించగలవు. పరిశోధకుల దుస్తుల పోగులు నమూనాలో పడకుండా నూలు కోట్లు ధరిస్తారు. పక్కనే శుద్ధజలంతో ఖాళీ నమూనాను నడిపి, అందులో తేలిన సంఖ్యనూ నమోదు చేస్తారు.

సముద్ర కాలుష్యంపై ఐక్యరాజ్యసమితి సంస్థల ఉమ్మడి నిపుణుల బృందం, జపాన్ పర్యావరణ మంత్రిత్వ శాఖ 2019లో వేర్వేరుగా మార్గదర్శకాలు వెలువరించాయి. ఈ ఏకరూపత భారత్‌కూ అవసరమే. 2022 జులై 1 నుంచి కొన్ని ఏకవాడక ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమల్లో ఉంది. దాని ప్రభావం తీర జలాల్లో కనిపిస్తోందా అన్నది తేలాలంటే, అంతకు ముందూ తరువాతా ఒకే కన్ను వలతో, ఒకే రుతువులో, గాలి వేగాన్ని నమోదు చేస్తూ నమూనాలు సేకరించి ఉండాలి. బలమైన గాలి రేణువులను ఉపరితలం కిందికి నెడుతుంది. వర్షాకాలంలో నదులు కొత్తవాటిని మోసుకొస్తాయి. వర్షాలకు ముందు విశాఖలో వలతో పట్టిన సంఖ్యను, వర్షాల తరువాత చెన్నైలో పంపుతో తోడిన సంఖ్య పక్కన పెట్టి, ఏ తీరం ఎక్కువ కలుషితమో చెప్పడానికి వీలుండదు.